డయాలసిస్, దిగులు, దేవుడు: కిడ్నీ రోగులూ ఇంటివాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

డయాలసిస్ యూనిట్లో కౌన్సెలర్‌గా కూర్చుంటే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. మొదటి వారం అడిగేవి వేరు, మూడో ఏడు అడిగేవి వేరు కాబట్టి దశల వారీగా పెట్టాను. దేనికది పూర్తిగానే ఉంటుంది, మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. మందుల డోసులు, రోజుకు ఎన్ని నీళ్లు తాగొచ్చన్న కొలతలు మాత్రం మీ నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) చెప్పినవే లెక్క.

## జబ్బు బయటపడ్డ కొత్తలో

డాక్టర్ గారు డయాలసిస్ అన్నప్పటి నుంచి నిద్ర లేదు. నాకు మెంటల్ వస్తుందా?

రాదు. కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్ రిపోర్టు పట్టుకుని అర్ధరాత్రి రెండింటికి యూట్యూబ్ చూస్తున్న మనిషికి నిద్ర పట్టకపోవడంలో వింతేమీ లేదు. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు మెషిన్ పక్కన గడపాలని తెలిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. భయం ఉందా లేదా అన్నది కాదు, అది ఏమేం చెడగొడుతోందన్నది చూడాలి. రెండు మూడు వారాలైనా తిండి సయించకపోయినా, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నా, ఆసుపత్రికి వెళ్లే రోజు ఏదో సాకు వెతుక్కుంటున్నా సాయం తీసుకోవాల్సిందే. చాలాచోట్ల జి.ఎ.డి-7 అనే ఏడు ప్రశ్నల ఫారం ఇస్తారు. గత రెండు వారాల్లో ఎంత ఆందోళన పడ్డారో అందులో అడుగుతారు. మొత్తం 21 మార్కులు, 10 గానీ అంతకు మించి గానీ వస్తే వివరంగా పరీక్షిస్తారు. ఆ ఫారమే జబ్బు ఉందని తేల్చదు.

ఊపిరి ఆడనట్టు ఉంటుంది, గుండె దడదడలాడుతుంది. ఇది టెన్షనా, జబ్బా?

టెన్షన్ అని మీకు మీరే తేల్చుకోకండి, ఇంటివాళ్లు అసలే తేల్చకూడదు. కిడ్నీ రోగికి ఆయాసం వస్తే ముందు అనుమానించాల్సింది ఒంట్లో చేరిన నీరు. పడుకుంటే ఆయాసం పెరిగి, లేచి కూర్చుంటే తగ్గుతోందా? రెండు దిండ్లు చాలక మూడోది వేసుకుంటున్నారా? పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడుతోందా? బరువు తూచుకుంటే డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) కంటే బాగా పెరిగిందా? ఇలాంటివి ఉంటే కౌన్సెలర్ దగ్గరికి కాదు, వెంటనే యూనిట్‌కి ఫోన్ చేయాలి.

పొటాషియం పెరిగినా గుండె లయ తప్పుతుంది, కాళ్లూ చేతులూ నీరసించిపోతాయి. ఇన్సులిన్ వాడేవాళ్లకు షుగర్ పడిపోతే చెమటలు, వణుకు, దడ అచ్చం పానిక్ లాగే వస్తాయి. కిడ్నీలు పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పానిక్ ఎటాక్ అయితే ఉన్నట్టుండి మొదలై కొన్ని నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగుతుంది. అయినా మొదటిసారి వచ్చినప్పుడు, ఛాతీలో నొప్పి ఉన్నప్పుడు ఈ లెక్కలేవీ వేయకుండా ఆసుపత్రికే వెళ్లండి. పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టర్ చెప్పాకే "ఇది భయం" అనుకోవాలి.

"ఏ జన్మలో చేసిన పాపమో" అంటున్నారు మా అత్తయ్యగారు. నాకూ అలాగే అనిపిస్తోంది. నిజమా?

డాక్టర్లు వెతికే కారణాలు వేరు. మన దేశంలో కిడ్నీలు చెడిపోవడానికి ఎక్కువగా కనిపించేవి అదుపులో లేని షుగర్, బీపీ. కానీ మీరు అడుగుతున్నది ఆ కారణం గురించి కాదని తెలుసు. "నాకే ఎందుకు?" అన్నది అసలు ప్రశ్న.

నేనైతే ఆ నమ్మకంతో వాదనకు దిగను. ఒకటే అడుగుతాను: అలా అనుకుంటే మీకు మనసు తేలికవుతోందా, బరువెక్కుతోందా? "కర్మ ఇది, అనుభవించి తీర్చుకుంటాను" అనుకుని నిశ్చింతగా వచ్చి మెషిన్ దగ్గర కూర్చునేవాళ్లు ఉన్నారు. అదే మాట పట్టుకుని "దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, చికిత్స ఎందుకు దండగ" అని కుంగిపోయేవాళ్లూ ఉన్నారు. మతాన్నీ మనసునూ కలిపి చదివిన కెన్నెత్ పార్గమెంట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కూడా ఈ రెండు దారులనూ వేరుచేసి చూపించాడు. మీది రెండో దారి అయితే కౌన్సెలర్‌తో మాట్లాడండి. మీరు నమ్మే పూజారినో, పాస్టర్‌నో, మౌల్వీనో కూడా కలవండి. అత్తయ్యగారిని మార్చే పని తర్వాత చూసుకోవచ్చు.

మాది ఉద్దానం. ఊళ్లో ఇంటికొకరు ఇదే జబ్బుతో ఉన్నారు. తర్వాత వంతు నాదేనా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లందరి నోటా ఈ మాట ఉంటుంది. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే, షుగర్ గానీ బీపీ గానీ లేని మనిషికి కూడా కిడ్నీలు చెడిపోవడం అక్కడి ప్రత్యేకత. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఇదీ అని ఒక్క కారణం ఇంకా తేలలేదు. కారణం తెలియని జబ్బు తెలిసినదానికంటే ఎక్కువ భయపెడుతుంది, అది మీ తప్పు కాదు.

చేయగలిగింది చేయండి. డాక్టర్ చెప్పిన గడువుకే క్రియాటినిన్, యూరిన్ పరీక్షలు చేయించుకోండి, ఆర్‌ఎంపీ దగ్గర ఒళ్లునొప్పుల ఇంజక్షన్లు మానండి. వారం వారం పరీక్ష చేయించుకుంటే ధైర్యం రాదు, రిపోర్టు వచ్చేదాకా ప్రతిసారీ గుబులే మిగులుతుంది. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి కాబట్టి ప్రతిదానికీ విశాఖపట్నం పరుగెత్తే అవసరం తగ్గింది.

## డయాలసిస్ మొదలయ్యాక

సూది తలచుకుంటేనే చేతులు చల్లబడుతున్నాయి. ఏం చేయాలి?

ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన చోటుకు) వేసే రెండు సూదులూ మామూలు ఇంజక్షన్ సూది కంటే లావు. భయపడేవాళ్లను చూసి నవ్వే స్టాఫ్ ఉంటే తప్పు స్టాఫ్‌దే. చర్మం మొద్దుబారే క్రీము ఉంది, దాదాపు గంట ముందు రాసుకుని రావాలి. మీకు సరిపోతుందా అని డాక్టర్‌ని అడగండి. సూది వేస్తుంటే చూడటం మేలో, తల తిప్పుకోవడం మేలో ముందే టెక్నీషియన్‌కి చెప్పండి. ఊపిరి నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదిలేటప్పుడు ఎక్కువసేపు పట్టడమే అందులో కిటుకు.

మా దగ్గర ఒక పెద్దావిడ సూది వేసేంతసేపూ గోవింద నామాలు చెప్పుకుంటుంది. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు టెక్నీషియన్ కుర్రాడు ప్లాస్టర్ అంటిస్తాడు. ఆ కుర్రాడికి కౌన్సెలింగ్‌లో ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు.

మెషిన్ కూతపెడితే ప్రాణం పోయినంత పని అవుతోంది.

చాలా అలారాలు చెయ్యి మడతపడటం వల్లో, ట్యూబులో ప్రెజర్ మారడం వల్లో వస్తాయి. గాలి బుడగ కనిపిస్తే మెషిన్ తనంతట తానే రక్తం పంపడం ఆపేస్తుంది. ఏ శబ్దం దేనికో ఒకసారి వివరంగా చూపించమని అడగండి. అడిగితే విసుక్కుంటారని మొహమాటపడొద్దు.

కౌన్సెలింగ్‌లో ఏం చేస్తారు? ధైర్యంగా ఉండమని చెప్పడమేనా?

ఆ మాట చెప్పడానికి చుట్టాలు చాలు. కౌన్సెలర్ పని, మీ భయాన్ని పేరు పెట్టి పిలిచేలా చేయడం. ఉదాహరణకి ఒకాయన "నాకు డయాలసిస్ అంటేనే భయం" అంటారు. కాసేపు మాట్లాడితే, మూడోగంటలో బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయే, ఆ క్షణమంటే భయమని తేలుతుంది. అప్పుడు ఇద్దరం కూర్చుని లెక్క చూస్తాం. బీపీ పడిపోయినప్పుడు ఏమైంది? నర్సు కాళ్లు ఎత్తుగా పెట్టింది, సెలైన్ ఎక్కించింది, నీరు తీయడం కాసేపు ఆపింది, పావుగంటలో తేరుకున్నారు. "చచ్చిపోతాను" అన్న ఆలోచన పక్కన ఈ జరిగినదాన్ని రాయిస్తాం. రెండు సెషన్ల మధ్య బరువు తక్కువ పెరిగితే అంత నీరు లాగాల్సిన పని ఉండదు, బీపీ పడిపోవడమూ తగ్గుతుంది. అంటే ఆయన చేతిలో ఉన్నదీ ఒకటుంది. ఆలోచననీ, చేసే పనినీ ఇలా కలిపి పట్టుకునే పద్ధతినే సీబీటీ అంటారు. మామూలుగా కొన్ని వారాల పాటు, వారానికోసారి చేస్తారు.

అమెరికాలో డిప్రెషన్ ఉన్న డయాలసిస్ రోగులకు కుర్చీ దగ్గరే ఈ సీబీటీ ఇచ్చి, సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్రతో పోల్చి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల్లోనూ దిగులు తగ్గింది, మాత్ర వేసుకున్నవాళ్లలో కాస్త ఎక్కువ తగ్గింది, దాంతోపాటు సైడ్ ఎఫెక్టులూ ఎక్కువే కనిపించాయి. మన దగ్గర ఇబ్బంది మరొకటి. బెడ్డుకీ బెడ్డుకీ మధ్య రెండడుగులు కూడా ఉండవు. అప్పుల గురించో, ఇంట్లో గొడవ గురించో అక్కడ ఎవరూ నోరు విప్పరు. పక్క గదిలో పది నిమిషాలు ఇవ్వమని అడగడం మీ హక్కు.

ఆధ్యాత్మిక సంరక్షణ అంటున్నారు. ఆసుపత్రిలో భజనలు పెడతారా?

లేదు. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే కేంద్రం) స్థాపించిన సిసిలీ సాండర్స్, రోగి బాధలో ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటి సమస్యలు, జీవితానికి అర్థమేమిటన్న వెతుకులాట కలిసే ఉంటాయని చెప్పింది. ఆ చివరిదాన్ని పట్టించుకోవడమే ఈ సంరక్షణ. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే వెల్లూరు సీఎంసీలో దీనికోసం చాప్లిన్సీ విభాగమే ఉంది. మిగతా చాలాచోట్ల నర్సో, కౌన్సెలరో ఆ పని చేయాలి.

క్రిస్టినా పుచల్‌స్కీ అనే అమెరికన్ డాక్టర్ నాలుగు అంశాల ప్రశ్నావళి తయారుచేసింది. మా భాషలో దాన్ని ఇలా అడుగుతాం: కష్టమొస్తే దేన్ని పట్టుకుంటారు? అది ఈ జబ్బు విషయంలో మీ నిర్ణయాలను ఎంత నడిపిస్తుంది? మీతోపాటు ఆ నమ్మకంలో ఉన్నవాళ్లెవరు? మేం ఏం గుర్తుపెట్టుకుని చికిత్స చేయాలి? దేవుణ్ణి నమ్మనివాళ్లకూ ఈ ప్రశ్నలు పనికొస్తాయి. ఒకాయన "మా తోట" అన్నారు, మరొకాయన "యూనియన్" అన్నారు. రెండూ సరైన జవాబులే. బోధన చేయడం, మతం మార్చే మాటలు, "నమ్మకం ఉంటే తగ్గిపోతుంది" అనడం ఇందులో లేవు. ఎవరైనా అలా చేస్తే ఆపమని చెప్పొచ్చు.

గుడికి వెళ్తే తీర్థం, కొబ్బరినీళ్లు, ప్రసాదం వద్దనాలా? వద్దంటే దోషం కాదా?

ఇది చిన్న ప్రశ్న అనుకుంటారు గానీ, పండగ మర్నాడు యూనిట్‌కి రోగులు ఏ స్థితిలో వస్తారో చూసినవాళ్లు అలా అనరు. కొబ్బరినీళ్లలో, అరటిపండులో పొటాషియం బాగా ఎక్కువ. డయాలసిస్ రోగికి అది గుండె దగ్గరికి వచ్చే ప్రమాదం. తీర్థం ఉద్ధరిణెడు అయితే ఇబ్బంది ఉండదు, అది కూడా ఆ రోజు నీళ్ల లెక్కలో వేసుకోండి. కొబ్బరికాయ కొట్టించండి, నీళ్లు మాత్రం ఇంట్లోవాళ్లకి ఇచ్చేయండి. పులిహోరలో ఉప్పుంటుంది, ఉప్పు తింటే దాహం, దాహమైతే నీళ్లు. చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటే ప్రసాదం అందినట్టే. శ్రీరామనవమి పానకం సంగతి వేరే చెప్పక్కర్లేదు: గ్లాసుడు నీళ్లు, పైగా బెల్లం.

ప్రసాదం కాదనలేక తినేసి, తర్వాత రాత్రంతా "పొటాషియం పెరిగిందేమో" అని మెలకువగా కూర్చున్నవాళ్లున్నారు. ముందే పూజారిగారితో ఒక్క మాట అనండి. "కిడ్నీ పేషెంటునండీ" అంటే వాళ్లే చేతిలో పువ్వు పెడతారు.

రంజాన్ రోజాలు ఉండొచ్చా? ఏకాదశి ఉపవాసం, అయ్యప్ప మాల, తిరుమల కొండ ఎక్కడం?

జబ్బుతో ఉన్నవాళ్లకు రోజా నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే, రెండో సూరాలో ఉంది. తగ్గే ఆశ లేని జబ్బైతే దానికి బదులు పేదలకు అన్నం పెట్టే ఫిద్యా పద్ధతి ఉంది. మీ ఇమామ్‌తో, డాక్టర్‌తో ఇద్దరితోనూ మాట్లాడండి. ఏకాదశికి నిరాహారంగా ఉంటే షుగర్ మందులు వాడేవాళ్లకు ముప్పు, పైగా ఉపవాసం పేరుతో తినే పళ్లలోనూ పొటాషియమే. మాల వేసుకోవాలనుకుంటే చన్నీటి స్నానం, ఒంటిపూట భోజనం, కొండ నడక ఈ మూడింటి గురించీ ముందే డాక్టర్‌ని అడగండి. తిరుమలకి అలిపిరి నుంచి 3,550 మెట్లున్నాయి. వాటిని ఎక్కి చూపించాల్సిన పని లేదు. వృద్ధులు, దివ్యాంగులతో పాటు కిడ్నీ ఫెయిల్యూర్ లాంటి తీవ్రమైన జబ్బులున్నవాళ్లకూ టీటీడీ ప్రత్యేక దర్శనం ఇస్తుంది. మెడికల్ సర్టిఫికెట్ కావాలి, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు టీటీడీ వెబ్‌సైట్ చూసుకోండి. ప్రయాణాన్ని రెండు డయాలసిస్‌ల మధ్య ఇమిడేలా పెట్టుకోండి.

ప్రార్థనతో తగ్గిపోతుంది, డయాలసిస్ ఆపేయమన్నారు. ఇంకొకరు నాటు మందు ఇచ్చారు.

ప్రార్థన కొనసాగించండి, డయాలసిస్ ఆపకండి. ఆపమన్న మనిషి ఎంత పెద్దవారైనా ఈ ఒక్క విషయంలో వినొద్దు. ఏం కలిపారో తెలియని పసర్లు, భస్మాలు మిగిలిన కాస్త కిడ్నీ పనితనాన్నీ తీసేయగలవు. ఇప్పటికే తీసుకుని ఉంటే దాచకుండా డాక్టర్‌కి చూపించండి. తిడతారన్న భయంతో దాచేవాళ్లే ఎక్కువ. తాయెత్తు కట్టుకోండి, మాకేం అభ్యంతరం లేదు, ఫిస్టులా ఉన్న చేతికి మాత్రం వద్దు. ఆ చేతికి బిగుతుగా ఏదీ ఉండకూడదు.

మెడికల్ షాపులో నిద్రమాత్ర అడిగితే ఇచ్చారు. రోజూ వేసుకోవచ్చా?

వద్దు. అల్ప్రాజోలం లాంటివి అలవాటు పడతాయి, ఉన్నట్టుండి మానితే భయం రెట్టింపై తిరిగొస్తుంది. రోజూ వేసుకుంటూ వచ్చినవాళ్లు సొంతంగా ఆపకండి, డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు. అలవాటుగా మారని ఆందోళన మందులూ ఉన్నాయి, పని చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. కిడ్నీ రోగికి ఏది, ఎంత అన్నది సైకియాట్రిస్ట్, నెఫ్రాలజిస్ట్ కలిసి చెప్పాలి.

## ఏళ్లు గడిచాక

పక్క బెడ్ ఆయన రెండు వారాలుగా రావడం లేదు. అడిగితే ఎవరూ చెప్పరు.

అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆ బెడ్ మీద కొత్త దుప్పటి వేస్తారు, కొత్త మనిషి వస్తాడు. మూడేళ్లు పక్కపక్కన పడుకుని టిఫిన్ డబ్బాలు, మనవళ్ల ఫోటోలు పంచుకున్న మనిషి పోతే, చుట్టం కాదు కాబట్టి ఏడవడానికి కూడా వరస లేనట్టు అనిపిస్తుంది. నర్సుని నేరుగా అడగండి: "ఆయన పోయారా?" స్టాఫ్‌కి నా అభిప్రాయం: అబద్ధం చెప్పొద్దు. జబ్బు వివరాలు చెప్పనక్కర్లేదు, పోయారన్న మాట చెబితే చాలు. కొన్ని యూనిట్లలో ఆ రోజు ఒక నిమిషం మౌనంగా ఉంటారు, ఎవరి పద్ధతిలో వాళ్లు దణ్ణం పెట్టుకుంటారు. అడిగి పెట్టించుకోండి. ఆయనకు గుండె జబ్బు కూడా ఉండొచ్చు, వయసు వేరు కావచ్చు. ఆయన కథ మీది కాదని ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు ఏడవనివ్వాలి.

అందరికీ భారమైపోయాను. పోతే బాగుండు అనిపిస్తోంది.

ఈ మాట ఎవరితోనైనా ఈ రోజే అనండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416, ఖర్చు లేదు, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఇంటివాళ్లకి: రోగి ఈ మాట అంటే "ఛ, అవేం మాటలు" అని నోరు నొక్కకండి. "చనిపోవాలని ఆలోచన వస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, మందులన్నీ మీ దగ్గర పెట్టుకోండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చూసుకునే నాకే టెన్షన్‌తో బీపీ వచ్చింది. నాకెవరున్నారు?

ముందు మీకంటూ వారంలో ఒక పూట కావాలి. డయాలసిస్ జరిగే నాలుగు గంటలూ మెట్ల మీద కూర్చోనక్కర్లేదు. నంబరు ఇచ్చి ఇంటికెళ్లి పడుకోవచ్చేమో యూనిట్‌ని అడగండి. విదేశాల్లో ఉన్న అన్నదమ్ములు వీడియో కాల్‌లో "జాగ్రత్తగా చూసుకో వదినా" అంటే, జాగ్రత్త కాదు, నెలకో వారం మనిషి కావాలని చెప్పండి. మీ బీపీకి మీరే డాక్టర్‌కి చూపించుకోండి, పేషెంటు ఫైలులో అది రాయరు.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చెంత అవుతుంది?

జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. పెద్ద ప్రభుత్వ మానసిక వైద్యశాలలు హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ఉన్నాయి. ప్రైవేటులో వెళ్తే క్లినికల్ సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని చూడండి. ఆరోగ్య బీమా ఉంటే, మానసిక సమస్యలకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. డబ్బు దిగులు సగం భయానికి మూలం కాబట్టి ఇదీ చెప్పాలి: డయాలసిస్ తెలంగాణలో ఆరోగ్యశ్రీ కిందికి, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) కిందికి వస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. అందుతోందా లేదా అని కౌన్సెలర్ మొదటి రోజే అడగాలి. అది అడగకుండా శ్వాస వ్యాయామాలు నేర్పితే రోగి మర్యాదకి తల ఊపి వెళ్లిపోతాడు.

## చివరి దశలో

నాన్నగారికి పరిస్థితి చెప్పొద్దని అన్నయ్య అంటున్నాడు. దాచడం మంచిదేనా?

చాలావరకు ఆయనకు తెలిసే ఉంటుంది. మీ మొహాలు చూసి, ఆగిపోయిన మాటలు విని గ్రహిస్తారు. అప్పుడు ఆయన భయం ఆయన దగ్గర, మీ భయం మీ దగ్గర విడివిడిగా పెరుగుతాయి. ఉన్నదంతా కుమ్మరించమని కాదు. "నాన్నా, డాక్టర్ గారు చెప్పింది వినాలని ఉందా, మమ్మల్నే చూసుకోమంటారా?" అని ఆయన్నే అడగండి. వద్దంటే సరే. కావాలంటే ఆయన అడిగినంత వరకే, నిజమే చెప్పండి. మనవరాలి పెళ్లి, పొలం కాగితాలు, ఎప్పుడో తెగిపోయిన తమ్ముడితో మాట కలపడం లాంటి పనులు ఆయన మనసులో మిగిలి ఉండొచ్చు.

ఇక డయాలసిస్ వద్దంటున్నారు. అది ఆత్మహత్యా? పాపమా? మేం ఒప్పుకుంటే చంపినట్టా?

మొదట చూడాల్సింది, ఆ మాట వెనక ఉన్నది దిగులా, నొప్పా, డబ్బా, లేక బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయమా అని. డిప్రెషన్‌కి వైద్యం చేశాక "కొనసాగిస్తాను" అన్నవాళ్లున్నారు. రానుపోను ఆటో ఖర్చు గురించి కొడుకుని అడగలేక "వద్దు" అన్నవాళ్లూ ఉన్నారు. అందుకే మొదటిసారి అన్నప్పుడే అవుననీ కాదనీ అనకుండా, సైకియాట్రిస్ట్‌తోనూ బాధ తగ్గించే వైద్యం చేసే పాలియేటివ్ డాక్టర్‌తోనూ మాట్లాడించాలి.

ఇవన్నీ చూశాక కూడా ఒళ్లు తట్టుకోలేక, స్పృహతో, నిలకడగా వద్దంటుంటే దాన్ని ఆత్మహత్యగా వైద్యం చూడదు. మనిషిని తీసుకెళ్తున్నది జబ్బు. సుప్రీంకోర్టు 2018లో గౌరవంగా మరణించే హక్కును గుర్తించి, చివరి దశలో ఏ చికిత్స వద్దో ముందే చెప్పే ముందస్తు వైద్య నిర్దేశం రాసుకోవడానికి అనుమతించింది, 2023లో ఆ పద్ధతిని కాస్త సులువు చేసింది. పాపమా అన్నదానికి జవాబు నేను చెప్పకూడదు. ఆయన నమ్మే గురువునో, ఫాదర్‌నో, మౌల్వీనో పిలిపించండి, వాళ్లకి వైద్య పరిస్థితి పూర్తిగా చెప్పాకే అడగండి.

డయాలసిస్ ఆపితే మామూలుగా వారం, పది రోజులు. మూత్రం ఇంకా కొంత వస్తుంటే అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. ఆ రోజుల్లో ఆయాసానికి, దురదకి, నొప్పికి, ఆందోళనకి మందులు ఉంటాయి. "ఇంకేం చేయలేం" అని పంపేస్తే ఒప్పుకోకండి, పాలియేటివ్ కేర్‌కి రాయమని అడగండి. నీళ్ల కట్టడి, తిండి కట్టడి అప్పుడు చాలావరకు సడలిస్తారు. ఇంట్లో ఎవరు పక్కన ఉండాలి, ఏం వినిపించాలి, నోట్లో తులసి తీర్థం పోయాలా వద్దా అన్నవి ఆయన మాట్లాడగలిగినప్పుడే అడిగి రాసుకోండి. రాత్రిపూట ఆయాసం పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు గోడ మీద అతికించుకోండి.